టికెట్ బిజినెస్ క్లాసుది, సీటు ఎకానమీలో

కువైట్‌లోని కొడుకు దగ్గరికి చెన్నై నుంచి బయల్దేరిన తల్లి గురించి కడప జిల్లా చక్రాయపేట పాఠకురాలొకరు రాశారు. మోకాలి ఆపరేషన్ అయిందని బిజినెస్ క్లాసు టికెట్ కొన్నారు. విమానం రద్దవడంతో సంస్థ ఆమెను భాగస్వామి విమానంలోకి మార్చింది. పాత టికెట్‌పై 2ఏ, చేతికొచ్చిన బోర్డింగ్ పాస్‌పై 34ఈ. అంటే ముగ్గురి మధ్య సీటు. ఆపరేషన్ అయిన కాలు చాపుకోవడానికి జాగా లేదు. డబ్బు తిరిగొస్తుందా అన్నది ప్రశ్న.

అడిగే హక్కుంది.

ప్రయాణికుల ఇష్టం లేకుండా తరగతి తగ్గిస్తే పరిహారం ఇవ్వాలన్న పౌర విమానయాన నియంత్రణ సంస్థ (డీజీసీఏ) నిబంధన 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. దేశంలోపల ప్రయాణమైతే పన్నులతో కలిపి టికెట్ ధరలో 75 శాతం. విదేశాలకైతే 1,500 కిలోమీటర్ల దాకా 30, 3,500 దాకా 50, ఆపైన 75 శాతం. హైదరాబాద్ నుంచి కువైట్ 3,500 లోపే; చెన్నై నుంచి అంతకు మించుతుంది. ఆ లెక్కన ఈ తల్లికి 75 శాతం అడగాలి.

రెండు సంస్థలూ ఒకరిమీద ఒకరు చెప్పి తిప్పుతుంటే, ముందు టికెట్ అమ్మినవాళ్లనే గట్టిగా అడగాలి. ఇష్టపడే మారానని రాసిన కాగితంపై సంతకం పెట్టకూడదు. పాత టికెట్, కొత్త బోర్డింగ్ పాస్ భద్రంగా దాచాలి. జవాబు రాకపోతే కేంద్ర విమానయాన శాఖ పోర్టల్ ఎయిర్‌సేవలో ఫిర్యాదు చేయాలి. అక్కడా తేలకపోతే కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివాసమున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, చెన్నైకి తిరగనక్కర్లేదు.