కొడవలి పిడి ఊడకుండా ఉండాలంటే...

వరి కోత యంత్రాలు వచ్చినా పడిపోయిన చేలో, గట్ల వెంట, పశువుల మేతకు కొడవలి తప్పదు. కమ్మరి చేసిన కొడవలికి పదును బాగానే ఉంటుంది. తంటా అంతా పిడి దగ్గరే. పిడి వదులైతే దుబ్బు కోసేటప్పుడు కొడవలి చేతిలో తిరిగిపోతుంది. దుబ్బు పట్టిన ఎడమ చేతి వేళ్లు తెగేది అప్పుడే.

నానబెడితే సరిపోదు

పిడి వదులైతే చాలామంది రాత్రంతా నీళ్లలో నానేస్తారు. తెల్లారేసరికి కర్ర ఉబ్బి బిగుస్తుంది. మధ్యాహ్నం ఎండకు ఆరి మళ్లీ వదులవుతుంది. పైగా లోపలి ఇనుము తుప్పు పడుతుంది.

ఎలా బిగించాలి?

* పిడికి నల్లతుమ్మ చేవ మంచిది. కొన్ని నెలలు నీడన ఆరిన కర్రే తీసుకోవాలి. పచ్చి కర్ర ఆరేకొద్దీ కుంచించుకుపోయి పగులుతుంది. ముడులు, బీటలు ఉండకూడదు.

* పిడి మూతికి ముందుగా ఇనుప పొన్ను బిగించాలి. పొన్ను లేకపోతే దెబ్బకు కర్ర చీలుతుంది.

* పిడిలోకి దిగే ఇనుప తోక కంటే సన్నగా, బరమాతో తిన్నగా బెజ్జం వేయాలి.

* కొడవలి వంపుకు తడిగుడ్డ చుట్టి, తోకను మాత్రమే ఎర్రగా కాల్చాలి. వేడి వంపుకు పాకితే పదును నిలవదు. కాలిన తోకను బెజ్జంలో కొంచెం దించి వెంటనే తీయాలి. ఇలా రెండు మూడుసార్లు చేసి, అర అంగుళం మిగిలి ఉండగా ఆపాలి.

* తోక చల్లారాక బెజ్జంలోని బొగ్గు దులిపి, కరిగించిన లక్కలో మెత్తని ఇటుక పొడి కలిపి పోయాలి. వెంటనే తోక దించి, వంపు పైకి ఉండేలా పట్టుకుని పిడి అడుగును చెక్క దిమ్మ మీద కొట్టాలి. కొడవలి మొన మీద సుత్తి వేయకూడదు.

కమ్మరికి ముందే చెప్పండి

తోక పొట్టిగా ఉంటే ఎంత బిగించినా నిలవదు. తోకను పిడి కంటే అంగుళం పొడవు పెట్టమని చేయించేటప్పుడే చెప్పాలి. అప్పుడు బెజ్జం పిడి చివరిదాకా వేసి, అడుగున బయటికొచ్చిన కొనను మడిచి కర్రలోకి కొడితే, లక్క వదిలినా కొడవలి ఊడి రాదు.

లక్క వేడికి మెత్తబడుతుంది. కాబట్టి కొడవలిని ఎండలో, పొయ్యి దగ్గర వదిలేయొద్దు. కోతలకు వారం ముందే పిడి ఊపి చూసుకోండి. కర్ర పగిలి ఉంటే గుడ్డ చుట్టి నెట్టుకు రాకుండా పిడి మార్చేయండి. ఒక పూట పనితో వేళ్లు దక్కుతాయి.