పసిబిడ్డకు లాల

ఉద్దేశం: శిశుస్నాన సంప్రదాయంలోని మంచిని గ్రహించి, దానిని నేటి వైద్యవిజ్ఞానంతో సమన్వయించుకోవడం.

పాఠ్యభాగం

పెద్దలు స్నానం చేస్తారు. పసిబిడ్డకు లాల పోస్తారు. ఒకే పనికి వయసును బట్టి వేరొక పేరు పెట్టడంలోనే తెలుగువారి వాత్సల్యం వ్యక్తమవుతుంది. పోతన భాగవతం దశమస్కంధంలోనూ బాలకృష్ణుని మంగళస్నాన వేడుక కనిపిస్తుంది.

కర్నూలు, కడప సీమల్లో లాలకు మరింత విలువ ఉంది. అక్కడ ఏడాదికి సగటు వర్షపాతం దాదాపు 700 మిల్లీమీటర్లు మాత్రమే. 1860వ దశకంలో తవ్విన కర్నూలు–కడప కాలువ తన దారిలోని పొలాలను తడిపింది. మెట్టపల్లెల్లో మాత్రం స్త్రీలు దూరపు బావుల నుండి బిందెలతో నీరు మోసేవారు. అంతటి కరవులోనూ బాలింత ఇంట బిడ్డకోసం నీళ్లు కాచడం మానలేదు.

లాల పోయడం ఒక విద్య. అనుభవం గల అవ్వ పీటపై కూర్చుని కాళ్లు చాపుతుంది. బిడ్డను కాళ్లపై పడుకోబెట్టి, గోరువెచ్చని నూనె మెల్లగా రాస్తుంది. వేరొకరు చెంబుతో నీళ్లు అందిస్తారు. మోచేతితో వేడిని పరీక్షించిన తరువాతే నీరు బిడ్డను తాకుతుంది. ఆపై మెత్తని పాత నూలుబట్టతో తడి అద్ది, బిడ్డను తల్లి ఒడికి చేరుస్తారు.

అయితే ఆచారంలోని ప్రతి అంశమూ మేలు చేయదు. పుట్టిన వెంటనే స్నానం చేయిస్తే శిశువు శరీరం త్వరగా చల్లబడుతుంది. అది ప్రాణాపాయానికి కూడా దారితీయవచ్చు. కనీసం 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. బొడ్డు ఊడే వరకు తడిబట్టతో తుడిచి, వెంటనే ఆరబెట్టడం మేలు. బొడ్డుకు పసుపు, బూడిద వంటివి పూయరాదు. ముక్కులో, చెవుల్లో నూనె పోస్తే అది ఊపిరితిత్తులకు, చెవులకు హాని చేయవచ్చు. సాంబ్రాణి పొగ లేత ఊపిరితిత్తులను బాధిస్తుంది. కొన్ని కాటుకలలో సీసం ఉంటుంది. రెండున్నర కిలోల కన్న తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు స్నానం ఎప్పుడు చేయించాలో వైద్యులే చెప్పాలి. తల్లి ఎదపై చర్మానికి చర్మం తాకేలా ఉంచడమే ఆ బిడ్డకు రక్ష.

2011లో మొదలైన గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం కింద ఆశా కార్యకర్త తొలి 42 రోజుల్లో పలుమార్లు ఇంటికి వచ్చి ఈ జాగ్రత్తలు తెలుపుతుంది. అవ్వ చేతి నేర్పు, ఆశా చెప్పే శాస్త్రం ఒకదానికొకటి విరోధులు కావు. రెండూ కోరేది బిడ్డ వెచ్చదనాన్నే. నీటికి కటకటలాడే సీమలో ఈ సత్యం మరింత ఊరటనిస్తుంది: బిడ్డ క్షేమానికి కాగుల కొద్దీ నీరు అక్కరలేదు, చెంబెడు వెచ్చని నీరు, శుభ్రమైన చేతులు చాలు.

అర్థాలు
వాత్సల్యం = బిడ్డలపై ప్రేమ
మెట్ట = వానపై ఆధారపడిన పొలం
కాగు = నీళ్లు కాచే పెద్ద పాత్ర

ప్రశ్నలు
1. ‘లాల’ అనే మాటలోని విశేషమేమి?
2. లాల పోసే పద్ధతిని వర్ణించండి.
3. శిశుస్నాన ఆచారాల్లో పాటించవలసినవి, విడువవలసినవి ఏవి? కారణాలతో వివరించండి.