టికెట్టు ముక్క, మెమో, ఆస్పత్రి చీటీ

2025 నవంబరు 4 సాయంత్రం నాలుగింటి వేళ, కోర్బా వైపు నుంచి బిలాస్‌పూర్ వస్తున్న మెమూ రైలు గతౌరా దాటాక లాల్‌ఖదాన్ దగ్గర ముందున్న గూడ్సును వెనకనుంచి గుద్దింది. మెమూ లోకో పైలట్‌తో సహా పదిమందికి పైగా పోయారు. గాయపడ్డవాళ్లు ఇరవైమంది దాకా. చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు, తీవ్రంగా గాయపడ్డవారికి 5 లక్షలు, చిన్న గాయాలకు లక్ష ఇస్తామని రైల్వే వెంటనే ప్రకటించింది. 2023 సెప్టెంబరులో రైల్వే బోర్డు పెట్టిన మామూలు రేటుకు ఇది రెట్టింపు.

బిలాస్‌పూర్‌లో ఇలాంటి వార్త ఏ ఇంటికీ పరాయిది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లోనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు ఇక్కడికి పనికొచ్చారు. వాళ్ల మనవలు ఇప్పటికీ రైల్వే కాలనీలో, బుధవారీ బజార్ చుట్టుపక్కల తెలుగే మాట్లాడుతుంటారు. పండక్కి కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్, మొక్కులకు తిరుపతి బండి. రైలెక్కని నెల ఉండదు. అయినా రైలు వల్ల దెబ్బ తగిలితే డబ్బు ఎలా అడగాలో తెలిసినవాళ్లు తక్కువే. "సాయం ఇచ్చారు కదా, ఇంకేటి ఇస్తారు?" అని ఊరుకుంటారు.

పొరపాటంతా అక్కడే ఉంది. ఎక్స్‌గ్రేషియా రైల్వే తనంతట తాను ఇచ్చే సాయం. పరిహారం 1989 రైల్వే చట్టం ఇచ్చి తీరమన్న సొమ్ము. మొదటిది పుచ్చుకున్నంత మాత్రాన రెండోదానికి దారి మూసుకుపోదు. దాన్ని మాత్రం రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో అడిగి తీసుకోవాలి. అడగడానికి ఒక ఫైలు కావాలి. ఆ ఫైలులో ముప్పాతిక భాగం ప్రమాదం జరిగిన రోజే తయారవుతుంది, లేదా పాడైపోతుంది.

మొదట టికెట్టు. జేబులో ఉన్న ముక్క తడవకుండా ఒక కవరులో పెట్టి ఇంట్లో నమ్మకమైనవాళ్ల చేతికివ్వండి. ఫోన్లో తీసిన టికెట్టయితే స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపండి. ఫోను పగిలిందంటే టికెట్టూ దాంతోపాటే పోతుంది. సీజన్ టికెట్టు, రైల్వే పాసు కూడా చెల్లుతాయి. బండి ఎక్కించడానికి వచ్చినవారి ప్లాట్‌ఫారం టికెట్టును కూడా చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. డ్యూటీలో ఉన్న రైల్వే ఉద్యోగి సైతం ప్రయాణికుడి కిందే లెక్క. ఆ ఉద్యోగి కార్మిక పరిహారం కింద కూడా అడగవచ్చు గాని, రెండుచోట్లా తీసుకోవడానికి లేదు.

టికెట్టు దొరకలేదా? ఆశ వదులుకోనక్కర్లేదు. 2018 మేలో రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. టికెట్టు దొరకనంత మాత్రాన టికెట్టు లేని ప్రయాణమని అనకూడదు. ఎక్కడ కొన్నదీ, ఎక్కడికి వెళుతున్నదీ చెబుతూ క్లెయిముదారు అఫిడవిట్ ఇస్తే చాలు, కాదని నిరూపించే భారం రైల్వే మీదకు మారుతుంది. అదే తీర్పులో ఇంకో మాటా ఉంది. కదులుతున్న బండి ఎక్కుతూనో దిగుతూనో పడినా పరిహారం ఉంటుంది. మీ అజాగ్రత్త వల్లే పడ్డారన్న వాదనతో దాన్ని ఎగ్గొట్టడానికి వీల్లేదు.

తర్వాతది మెమో. మనిషి పడినచోటి నుంచి స్టేషన్ మాస్టరుకు కబురు వెళ్తుంది. ఆయన జీఆర్పీ (రైల్వే పోలీసు) థాణాకు మెమో రాస్తాడు. పోలీసులు వాంగ్మూలం తీసుకుంటారు, పంచనామా రాస్తారు. అంతా హిందీలోనే. సంతకం పెట్టేముందు ప్రతి వాక్యం చదివించుకోండి. ఒక్క మాట తేడాతో కేసులు కూలిపోయాయి. "ట్రేన్ సే గిర్‌కర్" అంటే రైల్లోంచి పడ్డాడని. "ట్రేన్ సే కట్‌కర్" అంటే రైలు కింద పడి తెగాడని. ఈ రెండోది రాసుంటే, పట్టాలు దాటుతున్నాడు, ప్రయాణికుడే కాడు అని రైల్వే వకీలు వాదిస్తాడు. పట్టాలు దాటుతూ దెబ్బ తగిలితే నిజంగానే ఈ పరిహారం రాదు. అందుకే జరిగింది జరిగినట్టే రాయించండి. లేనిది చేర్చించవద్దు, ఉన్నది వదిలెయ్యనివ్వవద్దు. తర్వాత డివిజన్ అధికారులు విచారణ జరిపి నివేదిక ఇస్తారు. అది ట్రిబ్యునల్ ముందుకు వచ్చేసరికి మీ చేతిలో ఈ మెమో నకలు ఉండాలి.

మూడోది ఆస్పత్రి కాగితం. బిలాస్‌పూర్‌లో గాయపడ్డవారు సాధారణంగా సిమ్స్‌కో, అపోలోకో, రైల్వే ఆస్పత్రికో చేరుతారు. ఎక్కడ చేరినా అడగవలసింది ఒకటే: గాయాన్ని కొలతలతో సహా రాయమనాలి. ఇదేదో చాదస్తం కాదు. పరిహారం నిబంధనల షెడ్యూలు నిజంగా టేపు పట్టుకునే కూర్చుంది. రెండు చేతులు పోయినా, చెయ్యీ కాలూ పోయినా, పూర్తి చెవుడొచ్చినా, ముఖం తీవ్రంగా వికారమైనా 8 లక్షలు. మరణానికీ అంతే. 2017 జనవరి 1 నుంచి ఉన్న రేటు ఇది, అంతకుముందు 4 లక్షలుండేది. ఆ కిందనే మిగతా గాయాల జాబితా ఉంటుంది. మోకాలి కింద కాలు తీసేస్తే మిగిలిన మొండి భాగం మూడున్నర అంగుళాలు దాటిందా, అయిదు దాటిందా అన్నదాన్నిబట్టి రేటు మారుతుంది. డిశ్చార్జి చీటీలో "కాలు తొలగించాం" అని మాత్రమే ఉంటే ఆ అంగుళాల కోసం ఏడాది తర్వాత మళ్లీ డాక్టరు చుట్టూ తిరగాలి. మనిషి కాలును గుడ్డ కొలిచినట్టు కొలవడమేమిటని మనసు చివుక్కుమంటుంది. కానీ పట్టిక అలా ఉన్నప్పుడు కొలతే మీ పక్షాన మాట్లాడుతుంది. ఎక్స్‌రేలు, ఆపరేషన్ నోటు, బిల్లులు అన్నీ తేదీల వరసలో పెట్టుకోండి.

ఇక దరఖాస్తు. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడాదిలోగా వెయ్యాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపి మన్నించమని అడగవచ్చు. ఆస్పత్రి మంచం మీదే నెలలు గడిచాయంటే అది కారణమే. టికెట్టు కొన్న ఊరు, ప్రమాదం జరిగిన చోటు, వెళ్లవలసిన స్టేషను, వీటిలో ఏది ఏ ట్రిబ్యునల్ బెంచి పరిధిలోకి వస్తే అక్కడ వెయ్యవచ్చు. గాయపడ్డ మనిషే వెయ్యవచ్చు, పిల్లలైతే సంరక్షకులు వెయ్యవచ్చు. రెండు బళ్లు గుద్దుకోవడం, పట్టాలు తప్పడం 124వ సెక్షన్ కిందికి వస్తాయి. బండిలోంచి పడటం, బండిలో దోపిడీ జరగడం లాంటివి 124ఏ కిందికి. తప్పెవరిదన్న ప్రశ్న రెండింటిలోనూ లేదు. కాకపోతే 124ఏలో కొన్ని మినహాయింపులున్నాయి. ఆత్మహత్యా ప్రయత్నం, కావాలని చేసుకున్న గాయం, సొంత నేరం, మత్తు, సహజమైన జబ్బు అయితే రాదు. లాల్‌ఖదాన్‌లాంటి ఢీ కేసులో ఈ గొడవే ఉండదు.

ఐఆర్‌సీటీసీలో టికెట్టు తీసేటప్పుడు 45 పైసల బీమాకు టిక్కు పెట్టివుంటే అది వేరే డబ్బు, దాన్ని బీమా కంపెనీనే అడగాలి. మెమూ జనరల్ టికెట్టుకు అది ఉండదు.

వకీలు అవసరమే, కానీ చూసుకోవాలి. ఆస్పత్రి వార్డులోనే వకాల్తా కాగితం పట్టుకొచ్చేవాళ్లుంటారు. పాట్నా ట్రిబ్యునల్ కేసుల్లో క్లెయిముదారుల సొమ్ము వకీళ్లు మళ్లించారన్న ఆరోపణల మీద ఈడీ దాకా దర్యాప్తు నడిచింది. ఖాతా మీ పేరున, మీరు స్వయంగా తెరిచిందై ఉండాలి. ఖాళీ చెక్కు మీద, ఖాళీ విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం వద్దు. పాస్‌బుక్కు ఎవరి దగ్గరా పెట్టవద్దు, బంధువైనా సరే.

ట్రిబ్యునల్ ఇవ్వనంటే, తక్కువ ఇచ్చిందనిపిస్తే, 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు. 2000 నవంబరు నుంచి ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నది బిలాస్‌పూర్‌లోనే. రాయ్‌పూర్‌వాళ్లు దానికోసం రైలెక్కి రావాలి. మన కాలనీ నుంచైతే ఆటోలో వెళ్లిరావచ్చు.