గడియ పడిన తలుపు

తెలుగులో ‘గడియ’ అనే మాటకు రెండర్థాలున్నాయి. తలుపుకు వేసేది ఒకటి. 24 నిమిషాల కాలం మరొకటి. కారు తలుపు తెరుచుకొననప్పుడు ఈ రెండర్థాలూ ఒక్కచోట కలుస్తాయి. వేసవి ఎండలో నిలిపిన కారు లోపల మొదటి 10 నిమిషాలలోనే ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. ఆటగా ఎక్కి దిగలేకపోయిన పసివారికి అక్కడ ఒక గడియ గడవడమే ప్రమాదం. కనుక తలుపు ఎందుకు తెరుచుకొనదో ముందే తెలిసి ఉండాలి.

వెనుక తలుపు బయటినుండి తెరుచుకొని, లోపలినుండి తెరుచుకొనకపోతే అది చెడిపోయినట్లు కాదు. చాలా కార్లలో తలుపు అంచున, మూసినప్పుడు కనబడని చోట, చిన్న మీట ఉంటుంది. అదే చైల్డ్ లాక్. ప్రయాణంలో పిల్లలు తలుపు తీయకుండా చేసిన ఏర్పాటది. నిలిపిన కారులో చిక్కిన బిడ్డకు మాత్రం అదే గోడ అవుతుంది. తలుపు తీసి మీటను జరిపితే సరిపోతుంది.

రెండువైపులా తెరుచుకొనకపోతే, హ్యాండిల్‌కూ గడియకూ నడుమనున్న కడ్డీ ఊడి ఉండవచ్చు. దుమ్ము చేరి గడియలోని గ్రీజు గట్టిపడి ఉండవచ్చు. హ్యాండిల్‌ను బలంగా గుంజరాదు; విరుగుతుంది. ఒకరు దానిని లాగి పట్టుకొనగా, మరొకరు తలుపును లోనికి నొక్కి వదిలితే, బిగుసుకొన్న గడియ ఒక్కొక్కసారి వదులుతుంది. తరువాత కందెన వేయించాలి.

లోపల బిడ్డ ఉంటే ఇంత ఓపిక పనికిరాదు. తాళంచెవి అందకపోతే, బిడ్డకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూలన కొట్టి పగులగొట్టాలి. ముందు అద్దం జోలికి పోరాదు. అది పొరల అద్దం, పగిలినా ఊడిరాదు.