పాత నొప్పే కదా అంటే ఏం చెప్పాలి?

డాక్టరు గారూ, మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. మామగారు ఉక్కు కర్మాగారంలో పనికి భిలాయి వచ్చారు, ఇప్పుడు మావారూ ప్లాంటులోనే. నాకు 47 ఏళ్లు. డిస్కు జారి పదేళ్లుగా నడుము నొప్పి. పోయిన నెల ఓ రాత్రి పక్క మీద నుంచి లేవలేకపోయాను. పిరుదు నుంచి పాదం దాకా ఒకటే గుంజుడు. క్యాజువాలిటీకి వెళితే పాత ఫైలు చూసి, "ఇది పాత నొప్పే, ఓపీడీలో చూపించుకోండి" అని ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. ఇంకో సంగతి కూడా చెబుదామనుకున్నాను. కుర్ర డాక్టరు, చుట్టూ జనం. నాకు బజారు హిందీ వచ్చు గానీ అలాంటివి చెప్పడం రాదు. సిగ్గేసి ఊరుకున్నాను. నొప్పి తగ్గింది గానీ, నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోతోంది. మళ్లీ వెళ్లడానికి మొహం చెల్లడం లేదు. మావారేమో "నీకిది మామూలేగా" అంటారు. ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు ఓర్చుకోవాలి?
– ఒక సోదరి, భిలాయి

అమ్మా, చెప్పు జారుతోందన్న మాట చదివాక పత్రిక వచ్చేదాకా ఆగలేక మీకు ఫోన్ చేయించాను. మీలాంటి వాళ్లు ఇంకా ఉంటారని ఇక్కడా రాస్తున్నాను. పాదాన్ని పైకి లేపే కండరంలో బలం తగ్గితే చెప్పు అలాగే జారుతుంది. నొప్పి తగ్గినంత మాత్రాన నరం మీద ఒత్తిడి తగ్గినట్టు కాదు. ఇది ఆ రోజే చూపించుకోవలసిన లక్షణం.

క్యాజువాలిటీలో "నొప్పి ఎక్కువైంది" అంటే చాలదు. ఆ మాట అక్కడి డాక్టరు రాత్రంతా వింటూనే ఉంటారు. ఇదివరకు లేనిది ఏం వచ్చిందో చెప్పండి: "నొప్పి పదేళ్లది, పాదం లేవకపోవడం కొత్త, ఫలానా రోజు నుంచి." మీవారి చేత హిందీలో చీటీ రాయించి సంచిలో పెట్టుకోండి. కాళ్ల బలం, స్పర్శ పరీక్షించి కేసు షీట్‌లో రాయమని అడగండి. అడగడం మీ హక్కు.

మీరు దాచుకున్నది మూత్రం సంగతేమోనని నా అనుమానం. డాక్టరుకు చెప్పలేకపోతే నర్సుకు చెప్పండి, తెర వేయమనండి, కానీ చెప్పి తీరాలి. వెన్ను అడుగున నరాలన్నీ కట్టగా ఉంటాయి. జారిన డిస్కు వాటిని నొక్కేస్తే మూత్రం బిగుసుకుపోతుంది, లేదా తెలియకుండా పోతుంది. పీట మీద కూర్చున్నప్పుడు ఆనే చోటంతా మొద్దుబారుతుంది. మలం మీద పట్టు తప్పుతుంది. రెండు కాళ్లూ పట్టు తప్పవచ్చు. వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఎమ్మారై తీసి, అవసరమైతే 48 గంటల లోపే, వీలైతే ఇంకా ముందే ఆపరేషన్ చేస్తే కోలుకునే అవకాశం ఎక్కువ. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోవచ్చు. నడుము నొప్పికి జ్వరం తోడైనా, కింద పడ్డాక మొదలైనా, చెమటలు పట్టి కళ్లు తిరిగినా అంతే.

అంబులెన్స్‌కు అక్కడా 108కే ఫోన్ చేయాలి. మీకు సెక్టార్ 9 ఆస్పత్రి ఉంది, రాయ్‌పూర్ దారిలో టాటీబంధ్ దగ్గర ఎయిమ్స్ ఉంది. రాత్రిపూట ఎమ్మారై ఎక్కడ తీస్తారో మీవారిని ఈరోజే కనుక్కోమనండి.

ఎప్పటి చోటే, ఎప్పటి తీరునే నొప్పి వస్తే కాపడం పెట్టుకుని, డాక్టరు రాసిన మందులు వేసుకుని, కాస్త అటూ ఇటూ నడవండి. ఆ రోజుల్లో ఇంట్లో ఉండొచ్చు. మాత్రలు మాత్రం రెట్టింపు చేయకండి, కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ముందు మీ పాదం సంగతి తేలాలి. ఎమ్మారైలో ఏముందో తప్పక రాయండి.