సీజిన్‌కోట్ : ఆంగ్ల ఉద్యానంలో మొగలు గుమ్మటం

ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో, పచ్చిక బయళ్ల నడుమ, ఉల్లిగడ్డను పోలిన రాగి గుమ్మటంతో ఒక భవనం ఉన్నది. దాని పేరు సీజిన్‌కోట్. దాని ఛత్రీలను, వెడల్పైన సజ్జాలను, నెమలిపురి వంటి కమానులను చూచినవారికి అది ఆగ్రాకో ఢిల్లీకో చెందినదిగా తోస్తుంది. కట్టడాన్ని కూడ చరిత్ర గ్రంథంవలె చదువవచ్చునని ఈ భవనం మనకు బోధిస్తున్నది. అందుకు మూడు ప్రశ్నలు చాలును.

మొదటిది : దీనికి ధనమెక్కడిది? ఈ ఎస్టేటును 1795లో కర్నల్ జాన్ కాకరెల్ కొన్నాడు. 1798లో ఆయన మరణించగా అది సోదరుడైన చార్లెస్ చేతికి వచ్చింది. చార్లెస్ ఈస్టిండియా కంపెనీ కొలువులో బెంగాలులో పనిచేసి, కలకత్తా వర్తకంలో సంపన్నుడైనవాడు. అట్టివారిని ఆంగ్లేయులు కొంత అసూయతో, కొంత పరిహాసంగా 'నాబాబు'లన్నారు. మన 'నవాబు' శబ్దమే అక్కడ అట్లు మారింది.

రెండవది : రూపకల్పన ఎవరిది? మరొక సోదరుడు శామ్యూల్ పెపీస్ కాకరెల్ 1805 ప్రాంతంలో దీనిని నిర్మించాడు. భారతదేశమంతట తిరిగి కట్టడాలను చిత్రించిన థామస్ డేనియల్ సలహాలిచ్చాడు. తోటలోని సూర్యుని గుడి, నందులున్న వంతెన ఆయన కల్పనలే. 1807లో యువరాజు ఈ భవనాన్ని దర్శించాడు. అనంతరం 1815–1822 మధ్య బ్రైటన్‌లో ఆయన రాజభవనంపై ఇటువంటి గుమ్మటాలే వెలిశాయి.

మూడవది : లోపల ఏమున్నది? గుమ్మటం క్రిందనున్న గదులన్నీ గ్రీకు, రోమను సంప్రదాయంలోనివి! ఆ నందికి అర్చన లేదు. ఆ సూర్యునికి అర్ఘ్యం లేదు. మొగలు శిల్పులు దేశీయమైన ఛత్రీని స్వీకరించి తమ వాస్తువులో లీనం చేసుకొన్నారు. ఇక్కడ మాత్రం భారతీయత పైపూతగానే నిలిచిపోయింది. అయినను ఆ సౌందర్యాన్ని మనం కాదనలేము. 1960ల దశకంలో దక్షిణోద్యానంలో మొగలు పద్ధతిని అనుసరించి నీటి కాలువను కూడ ఏర్పరచారు. సౌందర్యాన్ని మెచ్చుకొనుట, దాని వెనుకనున్న ధనమూలాన్ని విచారించుట పరస్పర విరుద్ధాలు కావు.

సీజిన్‌కోట్ రూపొందిన కాలంలోనే మన హైదరాబాదు కోఠీలో ఆంగ్ల రెసిడెంటు కొరకు పాశ్చాత్య స్తంభాలతో రెసిడెన్సీ భవనం లేచింది. 1949 నుండి అది మహిళా విద్యకు నిలయమైనది. విద్యార్థి మిత్రులు ఆ మెట్ల ముందు నిలిచి, ఈ మూడు ప్రశ్నలను అక్కడ కూడ వేసి చూతురుగాక.