మూత్రపిండ మార్పిడి జరిగినవారికి రాచపుండు ముప్పు

మూత్రపిండ మార్పిడి చేయించుకొన్నవారి ఇంటివారు విజయవాడలోని నా వైద్యశాలకు వచ్చి, "నీరసము పోవుటకు మంచి రసాయనమొకటి వ్రాసి ఇవ్వండి" అని కోరుచుందురు. నేను వ్రాయను. కారణము పాఠకులు తెలిసికొనుట మంచిది.

పరుల మూత్రపిండమును శరీరము తనదిగా అంగీకరింపదు. 1954లో బోస్టన్‌లో జరిగిన తొలి సఫల మార్పిడి ఏకరూప కవలల మధ్య జరిగినది గనుక ఈ చిక్కు రాలేదు. తక్కినవారు టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్, అజాథయోప్రిన్ వంటి మందులతో వ్యాధినిరోధకశక్తిని అణచి ఉంచవలసినదే. అయితే దారి తప్పిన కణములను ఏరివేయు కావలి కూడ ఆ శక్తియే. కావలి సడలినందున వీరికి క్యాన్సరు ముప్పు ఇతరులకంటె స్థూలముగా 2 నుండి 4 రెట్లు ఎక్కువ. వైరస్‌ల మూలమున వచ్చు లసికాగ్రంథుల క్యాన్సరు, స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు ముఖ్యమైనవి. చర్మపు క్యాన్సరు తెల్లవారిలో మిక్కిలి అధికము, మనవారిలో తక్కువ. ఐనను అజాథయోప్రిన్ వాడువారు మిట్టమధ్యాహ్నము చేలలో తిరుగరాదు. చుట్ట, ఖైనీ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ భయముతో మాత్రలు మానినచో అమర్చిన మూత్రపిండమే పోవును. తిప్పతీగ, అశ్వగంధ ఉత్తమ ఔషధములే. కాని అణచి ఉంచిన శక్తిని అవి రెచ్చగొట్టవచ్చును. పంపరపనస పండు టాక్రోలిమస్ మోతాదును రక్తములో పెంచును. వంటలో వాడు మేరకు పసుపు, అల్లము దోషము కాదు. గుళికలుగా, కషాయములుగా వలదు.

అన్నిటికంటె భయంకరమైనవి రెండున్నవి. పాముకాటుకు వాడు ఈశ్వరి వేరు, మన నల్లరేగడి చేలలో మొలచి నులిపురుగులకు ఇండ్లలో వాడబడు గాడిదగడపాకు. రెండును అరిస్టోలోకియా జాతివే. వీనిలోని ఆమ్లము మూత్రపిండములను చెరచును, మూత్రమార్గమున క్యాన్సరు పుట్టించును. 1990ల ఆరంభమున బ్రస్సెల్స్‌లో, బరువు తగ్గుటకు ఇచ్చిన చీనా మూలికల గుళికలలో ఒక మూలికకు బదులు ఈ జాతి వేరు చేరినది. పలువురు స్త్రీల మూత్రపిండములు పాడై, డయాలసిస్, మార్పిడి అవసరమైనవి. చెడిన మూత్రపిండములను, మూత్రనాళములను ముందుజాగ్రత్తగా తొలగించి పరీక్షింపగా, 39 మందిలో 18 మందికి క్యాన్సరు ఉన్నట్లు 2000లో వెల్లడియైనది. "ఆకే కదా, ఏమి హాని?" అనువారు ఈ అంకెలను చూడవలెను.

మెడలో, చంకలో, గజ్జలో గడ్డ కనబడినను, నోటిలో పుండు మూడు వారములకు మానకున్నను, మూత్రములో రక్తము పడినను, కారణము లేక జ్వరము వచ్చుచు బరువు తగ్గుచున్నను ఆలస్యము చేయరాదు. స్త్రీలు ఏటేటా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకొనవలెను. ఇదివరకే ఏదైనా లేహ్యమో చూర్ణమో వాడుచున్నచో, ఆ సీసాను తీసికొనిపోయి మీ నెఫ్రాలజిస్టుకు చూపుడు.